పాత్రధారణక్రీడయు నాయకుని ధర్మమును

పాచికలను జూచినంతనే జూదమని పెద్దలు శంకింతురు. 1974వ సంవత్సరమున అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడలో పణము లేదు. పులి-మేక ఆటయందువలె ఒకరు గెలిచి మరియొకరు ఓడుటయు లేదు. బల్లచుట్టును గూర్చుండి, నాయకుడు కథాస్థలమును వర్ణింపగా, తక్కినవారు తమతమ పాత్రలు చేయదలచిన కార్యమును జెప్పుదురు. ఫలము సందేహమైనప్పుడు పాచిక నిర్ణయించును.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటవారి తోలుబొమ్మలాటలో తెరవెనుకనున్నవారే కథను నడపుదురు. ప్రేక్షకులు దానిని మార్పజాలరు. ఇచ్చట నట్లుగాదు. ఎండిన చెరువుగట్టున రాక్షసుని నిలిపి, వీరులు యుద్ధము సేయుదురని నాయకుడు తలపోయవచ్చును. మూలనున్న మితభాషియగు బాలుడొకడు “ఈ రాక్షసుని చేతనే చెరువు పూడిక దీయింతము” అనవచ్చును. అప్పుడు తాను కల్పించుకొన్న కథను విడిచి, ఆ బాలుని వెంట నడచుటయే నాయకుని ధర్మము. తన మాటచే కథ మారెనని యెరిగిన బాలుడు తరగతిలోనైనను నోరు విప్పుటకు జంకడని నా విశ్వాసము.