కాలము నిలిచిన పల్లె లేదు

దక్షిణాఫ్రికా రాజ్యము నలువైపుల చుట్టియుండగా నడుమ కొండలమీద వెలసిన లెసోతో దేశమునకు పోయివచ్చిన యాత్రికుల రచనలను చదువువారికి ఒక మాట పదేపదే ఎదురగును. గడ్డి కప్పిన గుండ్రని రాతియిండ్లను, ఉన్ని దుప్పటి కప్పుకొని గుఱ్ఱముపై వాలుదారిని దిగివచ్చు కాపరిని, మంచుతో తెల్లబడిన మలోతి శిఖరములను వర్ణించి వర్ణించి, తుదకు "ఇచట కాలము నిలిచిపోయినది" అని ముగించుట వారికి పరిపాటియైనది. ఆ మాటవెంట మఱి రెండు మాటలు నడచుచుండును: నాగరకత ఆ జనులను తాకలేదనునది ఒకటి; ఏమియు లేకున్నను వారు సంతోషముగా నున్నారనునది రెండవది. ఈ మూడును అసత్యములనియు, అసత్యములగుటయేగాక అన్యాయములనియు నా వాదము. ఆ పల్లెలోని పేదరికము అనాదిగా వచ్చినది కాదు. దానికి పుట్టిన తేదీలున్నవి, పుట్టించిన చేతులున్నవి. దానిని కాలాతీతమని పొగడువాడు, తెలిసియో తెలియకయో, ఆ చేతులకంటిన మకిలిని కడిగివేయుచున్నాడు.

మొదట యాత్రికుని కంటికి కనబడు వస్తువులనే పరీక్షింతము. అతడు అనాదియని మురిసిపోయిన ఆ దుప్పటి 19వ శతాబ్దిలో ఇంగ్లండు మిల్లులలో నేయబడి, వర్తకుల బండ్లపై వచ్చి, అంతకు ముందు ఆ దేశపు జనులగు బసోతోలు కప్పుకొనుచుండిన జంతుచర్మముల స్థానమును ఆక్రమించినది. ఆ గుఱ్ఱము ఆ శతాబ్ది పూర్వార్ధమున కేపు వలసరాజ్యమునుండి వచ్చిన గుఱ్ఱముల సంతతి. ఇంటింట వండు "పాపా" అను ముద్ద మొక్కజొన్నపిండితో చేసినది. మొక్కజొన్న పుట్టినది అమెరికా ఖండమున. కొండవాలున మేయు నిడుపు బొచ్చు మేక అంగోరా జాతిది. దాని పేరే టర్కీలోని అంకారా నగరమును చాటుచున్నది. ఆ మేక బొచ్చు ఉత్పత్తిలో ప్రపంచమున దక్షిణాఫ్రికా తరువాతి స్థానము లెసోతోదే. అది సముద్రములు దాటి శ్రీమంతుల కోటులకును శాలువలకును పనికివచ్చుచున్నది. ఇన్ని ఖండములనుండి వచ్చిన వస్తువులను అక్కున జేర్చుకొని, పరదేశపు దుప్పటిని పెండ్లికిని పురుటికిని యువకుల దీక్షకును తగిన లాంఛనముగా మార్చుకొని, తమ గౌరవచిహ్నముగా నిలుపుకొన్న జాతిని నిశ్చలమనుట ఎట్లు పొసగును? మిరపకాయ అమెరికానుండి వచ్చినంతమాత్రమున గుంటూరు కారము మనది కాకపోలేదు. అట్లే గుంటూరున కాలము నిలిచిపోయినదని చెప్పిన వాడును ఇంతవరకు లేడు.

ఇక ఆ పల్లె ప్రాచీనత మాట. మొశ్వేశ్వే అను నాయకుడు 1824లో తాబా బొసియూ అను బల్లపరుపు కొండను దుర్గముగా జేసికొని, ఆనాటి యుద్ధములలో చెల్లాచెదరైన పెక్కు కులములవారిని చేరదీసి ఒక జాతిగా నిలిపెను. ఆ జాతికి అన్నము పెట్టిన భూమి కొండలలో లేదు. మొహొకారే నదికి ఇరుగట్టుల విస్తరించిన పల్లపు మైదానములలో నుండెను. బోయరులను తెల్లజాతి వలసవారు ఫ్రీ స్టేటు రాజ్యమును స్థాపించుకొని 1858లో ఒకసారియు, 1865 మొదలు మఱల మఱలయు దండెత్తి, ఆ మైదానములను కబళించిరి. వేఱు దిక్కులేక మొశ్వేశ్వే బ్రిటిషు రక్షణము కోరగా, 1868 మార్చి 12న అతని దేశము సామ్రాజ్యమున చేర్చబడినది. కాని అటుపిమ్మట గీసిన సరిహద్దులో నదికి పడమట నున్న సారవంతమగు నేల ఫ్రీ స్టేటు పాలైనది. అంతవరకు ఎత్తైన లోయలు వేసవి పచ్చికబయళ్లుగాను, కొండగుహలలో బొమ్మలు చిత్రించిన సాన్ జాతివారి వేటనేలలుగాను ఉండెడివి. పల్లపు భూమి పోయి జనము పెరిగిన తరువాతనే కుటుంబములు పైకెక్కి స్థిరనివాసములు కట్టుకొనినవి. యాత్రికుడు సనాతనమని నమస్కరించు ఆ ఊళ్లలో పెక్కింటికి మన ధవళేశ్వరపు ఆనకట్టకున్న వయస్సు లేదు. భూమిని పోగొట్టుకొన్నవారు కట్టుకొన్న నెలవులవి.

నేల పోయినను ఆ రైతులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1870 ప్రాంతమున కింబర్లీలో వజ్రపు గనులు తెరవబడినపుడు అచటి జనసమూహమునకు ధాన్యము పండించి పంపినవారిలో బసోతోలు ముఖ్యులు. ధాన్యమును ఎగుమతి చేసిన దేశము నేడు ధాన్యము కొనుక్కొను దేశమగుటకు ఆ జనుల సోమరితనము కారణము కాదు. రైలుదారి వచ్చి విదేశపు గోధుమలను చౌకగా దింపినది. పొరుగు రాజ్యములు సుంకములు వేసినవి. ఇరుకైన నేల విశ్రాంతి లేక కోసుకొనిపోయి గండ్లుపడినది. 1896, 97 సంవత్సరములలో వచ్చిన పశువుల మహామారి మందలను తుడిచిపెట్టినది. వీనికి తోడు ప్రభుత్వము గుడిసెపన్నును నాణెముల రూపమున వసూలు చేసినది. నాణెము దొరకు చోటు ఒక్కటే మిగిలినది: 1886లో విట్‌వాటర్స్‌రాండు నేలక్రింద బయటపడిన బంగారు గనులు.

సెమోన్‌కాంగ్, అనగా పొగలచోటు, అని పేరుపడిన ఊరు మలెట్సున్యానే నది 192 మీటర్ల ఎత్తునుండి దుముకు జలపాతమునకు చేరువనున్నది. ఆ ప్రాంతపు పల్లె యొకదానిలో, జొన్నలతో కాచిన "జ్వాలా" అను కల్లు దొరకునని తెలుపు తెల్లజెండా ఎగురుచున్న యింటిముందు, నేనొక వృద్ధుని ప్రక్కన ఒక సాయంకాలము కూర్చుంటిని. దుప్పటి, గోపురమువంటి గడ్డిటోపీ, చేతికఱ్ఱ. యాత్రికుని ఛాయాపటమునకు అన్నియు అమరిన మూర్తి. అతడు నాతో కలిపిన మొదటి మాటలు బసోతోల సెసోతో భాషవి కావు. గనులలో పలుజాతుల కూలీలకు పని చెప్పుటకు వాడు ఫనకాలో అను సంకరభాషవి. నేను భారతీయుడనని గ్రహించి, ఆ భాష నాకు తెలిసియుండునని అతడు తలంచెను. ఆ తలంపు వట్టిది కాదు. 1860 మొదలు మద్రాసు రేవునుండి నాటాలు చెఱకుతోటలకు ఓడలలో పోయిన మన తెలుగు కూలీల సంతతివారును ఆ మాటలనే నేర్చిరి. యౌవనమంతయు భూమిక్రింద గడపిన ఆ వృద్ధుడు మాట మాటకు దగ్గుచుండెను. అది వయస్సు తెచ్చిన దగ్గు కాదనియు, రాతిధూళి తెచ్చినదనియు అతనికి తెలియును. గనికూలీల ఊపిరితిత్తులను తినివేసిన సిలికోసిస్ వ్యాధికి పరిహారముగా ఆరు గని సంస్థలు 500 కోట్ల రాండ్లు చెల్లించుటకు ఒడంబడిన ఒప్పందమును జొహానెస్‌బర్గు న్యాయస్థానము 2019లో గాని ఆమోదింపలేదు. ఒక దశలో లక్షమందికి పైగా బసోతో పురుషులు ఆ గనులలో నుండిరి. 1990 తరువాత గనులు వేలకొలది మందిని ఇంటికి పంపివేసినవి. శతాబ్దిపాటు లోకమునకు బంగారము తవ్విపెట్టిన చేతులను చూచి, లోకము వీరిని తాకలేదని వ్రాయుటకు కలమెట్లు కదలునో నాకు తెలియదు.

ఇది ఒక యాత్రికుని భ్రమగా మిగిలిపోయినచో ఇంత చర్చ అనవసరము. కాని ఈ భ్రమయే విధానమై, ధనమై, యంత్రాంగమై వచ్చినది. జేమ్స్ ఫెర్గూసన్ అను మానవశాస్త్రవేత్త 1990లో ప్రకటించిన "ది యాంటీ-పాలిటిక్స్ మెషీన్" అను గ్రంథమున ఈ సంగతిని సోదాహరణముగా నిరూపించెను. 1975లో ప్రపంచబ్యాంకు తన నివేదికలో ఆ దేశమును ఆధునిక ఆర్థికాభివృద్ధి తాకని సంప్రదాయ వ్యవసాయదేశముగా చిత్రించినది. దానికి తగినట్లే తాబా-సెకా కొండప్రాంతమున రోడ్డు వేసి, సాగు నేర్పి, పశువుల క్రయవిక్రయములను పెంచు పథకము మొదలైనది. పశువులను అమ్మమనగా జనులు అమ్మరైరి; అది మూఢాచారమని నిపుణులు తీర్పు చెప్పిరి. వాస్తవమేమన, గనులలో దేహము అరిగి ఇల్లు చేరినవానికి ఆ మందయే వృద్ధాప్యపు నిధి. డబ్బు చేతులుమారి ఖర్చైపోవును గాని మంద నిలుచును. కూలికి పోయినవాని లెక్క తెలియక, ఆదిమరైతు అని ఊహించుకొన్నవానికి పాఠము చెప్పబోయిరి. పథకము సాగును మార్చలేదు. ప్రభుత్వోద్యోగుల పట్టును మాత్రము కొండలలో పెంచినది. తప్పు చూపు తప్పు మందును తెచ్చునని ఇంతకన్న నిదర్శనమేల?

నాగరకత తాకలేదను వాదమునకు మఱియొక సమాధానము మొరిజా గ్రామమున నున్నది. మొశ్వేశ్వే స్వయముగా కోరగా 1833లో వచ్చిన ఫ్రెంచి మతబోధకులు అచట అచ్చుయంత్రము నెలకొల్పిరి. 1863లో సెసోతో భాషలో "లెసెలిన్యానా లా లెసోతో" అను పత్రిక వెలువడినది. వీరేశలింగముగారి వివేకవర్ధని పుట్టుటకు అది పదునొకండేండ్లు ముందు. ఆ మొరిజాలో చదివి, ఆ ముద్రాలయమున పనిచేసిన థామస్ మొఫోలో జూలూ రాజగు చాకాను గూర్చి వ్రాసిన నవల 1925లో అచటనే అచ్చై, పలుభాషలకెక్కినది. ఆ దేశమున స్త్రీలలో అక్షరాస్యత పురుషులకన్న హెచ్చు. దానికి కారణము కొండలలోనే యున్నది: మగపిల్లలను చిన్ననాడే మందలవెంట మెట్టపై నున్న దొడ్లకు పంపివేయుదురు. యాత్రికుడు ఆనందముతో ఛాయాచిత్రము తీసికొను ఆ కాపరి బాలుడు, ఆ క్షణమున బడిలో నుండవలసినవాడు. ఆ బొమ్మను చూచి "ఎంత సంతుష్టి!" అనుట, ఒక బాలుడు కోల్పోయిన పలకను చూచి చప్పట్లు చరచుట వంటిది.

ఇక నీటి సంగతి. 1986 అక్టోబరు 24న లెసోతోలోని సైనికప్రభుత్వమును, వర్ణవివక్ష సాగించుచుండిన నాటి దక్షిణాఫ్రికా ప్రభుత్వమును ఒక సంధి చేసికొనినవి. దాని ఫలముగా 185 మీటర్ల ఎత్తున కాట్సే ఆనకట్ట లేచినది. కొండలు తొలిచిన సొరంగములగుండ ఆ నీరు 1998 మొదలు జొహానెస్‌బర్గు పరిసరముల కర్మాగారములకును ఉద్యానములకును పాఱుచున్నది. లెసోతో ఖజానాకు దానివలన రాజస్వము వచ్చుచున్నమాట నిజము. కాని మునిగిన పొలములు, పచ్చికబయళ్లు కొండపల్లెలవారివి. ఆ జలాశయమునకు ఎగువ గ్రామములలో స్త్రీ నెత్తిన బిందెతో ఊటకు నడచుచుండును. ఆనకట్టలక్రింద ఊళ్లు మునిగిన వృత్తాంతము మన గోదావరి, కృష్ణా తీరములవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నెత్తిన బిందెను సుందరదృశ్యమని వ్రాసినవాడు, తన వసతిగృహపు కొళాయిలోనికి ఆ నీరు ఏ కొండనుండి వచ్చినదో అడిగియుండలేదు.

నా వాదమునకు ఒక బలమైన ఆక్షేపణ కలదు, దానిని దాటవేయను. ఈ అందమైన కథవలననే యాత్రికులు వచ్చుచున్నారనియు, గుఱ్ఱముల బాడుగగాను భోజనపు వెలగాను వారి డబ్బు ఆ పల్లెకు చేరుచున్నదనియు, కథను చెరిపినచో ఆ కూడును పోవుననియు కొందఱందురు. డబ్బు చేరుట మంచిదే. చేరవలెననియే నేనును కోరుదును. కాని నిశ్చలత్వమును అమ్మి బ్రదుకవలసిన ఊరు, రోడ్డును, దీపమును, ఆసుపత్రిని కోరినపుడు తన కథకు తానే ద్రోహి యగును. రేకుల కప్పు వేసికొన్న యిల్లు చిత్రమును చెడగొట్టినదని యాత్రికులు విచారించుట నేను విన్నాను. వాన కురియని కప్పును కోరుకొన్న తల్లికన్న తన ఛాయాచిత్రము ముఖ్యమనుకొను చూపును ప్రేమ యనలేము. నిజము చెప్పినచో యాత్రికులు రారనుటయు నమ్మదగినది కాదు. మైదానమును కోల్పోయి, కొండనెక్కి, గనిలో దిగి, జాతిగా నిలిచి, 1966 అక్టోబరు 4న స్వాతంత్ర్యము పొందిన జనుల కథ, నిద్రించు పల్లె కథకన్న ఏ విధమున తక్కువది?

కావున అటు పోదలచిన తెలుగువారికి నా విన్నపము. ఊరు చేరగానే మొదట ఊరిపెద్దయింటికి పొండు. మనము పెద్దలను అయ్యా, అమ్మా అని పిలుచునట్లే వారు "దుమేలా, న్తాతే", "దుమేలా, మ్మే" అని పలుకరింతురు, మీరును అట్లే పలుకరింపుడు. ఛాయాచిత్రమునకు ముందు అనుమతి అడుగుడు. పిల్లలకు మిఠాయిలు విసరి భిక్షను నేర్పకుడు. తినినదానికి, ఎక్కిన గుఱ్ఱమునకు, చూపిన దారికి న్యాయమైన వెల ఇండు. అన్నిటికి మించి, ఎదుట కూర్చున్న వృద్ధుని ఏ గనిలో ఎన్నేండ్లు పనిచేసితిరని అడుగుడు. అతడు చెప్పినది ఓపికగా వినుడు. ఇదే మర్యాదను మన అరకు, పాడేరు కొండలలోను పాటింపుడు. 1922లో అడవిచట్టముల పీడనపై ఆయుధమెత్తిన మన్యపు ప్రజలను "అమాయకులు" అని వ్రాయు అలవాటు మనకును ఉన్నది. తిరిగివచ్చి వ్రాయునపుడు మాత్రము, కాలము నిలిచినదను మాటను కొట్టివేయుడు. ఆ కొండలలో కాలము నిలువలేదు. అది బరువుగా నడచినది, ఆ బరువును మోసినవారు ఆ పల్లెవాసులే.