కేబుల్ వచ్చింది సరే, వెబ్‌సైట్ దగ్గరైందా?

శ్రీవిజయపురం నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా సుమారు 14 కిలోమీటర్లు వెళితే సిప్పీఘాట్ వస్తుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఉప్పునీరు నిలిచిపోయిన పల్లపు పొలాలు ఒకవైపు, లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియం పండించే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మరోవైపు ఈ ఊరికి గుర్తులు. ఇక్కడి వినియోగదారునికి ప్రధాన భూభాగపు పెద్ద బజారు అందుబాటులో లేదు. చెన్నై, విశాఖపట్నం రేవులు రెండూ దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. స్థానిక దుకాణంలో దొరకని వస్తువు కావాలంటే ఫోను తెరే బజారు. అందుకే వెబ్‌సైట్ తీరుతెన్నులు ఇక్కడ కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు.

చాలాకాలం ఈ ద్వీపాలకు ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదుగానే అందేది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగిన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. దాదాపు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్ చెన్నైని నాటి పోర్ట్ బ్లెయిర్‌తోనూ, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి ద్వీపాలతోనూ కలిపింది. సుమారు 1,224 కోట్ల రూపాయల వ్యయంతో పూర్తయిన ఈ పథకం వల్ల ఇంటర్నెట్ సామర్థ్యం ఎన్నో రెట్లు పెరిగింది. అయితే పేజీ త్వరగా తెరుచుకోవడం వేరు, ఆ పేజీతో పని పూర్తికావడం వేరు. మొదటిది కేబుల్ చేయగలదు. రెండోది వెబ్‌సైట్ నిర్వాహకులు మాత్రమే చేయగలరు.

ముందే చెప్పవలసిన మాట

ద్వీప వినియోగదారునికి అన్నిటికన్నా ముందు తెలియవలసింది, వస్తువు తన ఊరికి వస్తుందా లేదా అన్నది. అండమాన్ నికోబార్ పిన్ కోడ్‌లు 744తో మొదలవుతాయి. ఇక్కడికి సరకు నౌకలోనైనా రావాలి, విమానంలోనైనా రావాలి. సెంటు సీసాలు, స్ప్రే డబ్బాలు, లిథియం బ్యాటరీ ఉన్న పరికరాలకు విమాన రవాణాలో ఆంక్షలు ఉంటాయి. ఈ సంగతి అమ్మకందారుకు ముందే తెలుసు. కానీ కొనుగోలుదారు పేరు, చిరునామా, ఫోను నంబరు, ఓటీపీ అన్నీ ఇచ్చి చెల్లింపు దశకు చేరాక ‘ఈ ప్రాంతానికి సరఫరా లేదు’ అని చెబితే, అంతవరకు చేసిన శ్రమ వృథా. డబ్బు తీసుకున్న తర్వాత ఆర్డరు రద్దుచేస్తే నష్టం మరింత ఎక్కువ. వస్తువు పేరు పక్కనే పిన్ కోడ్ గడి పెట్టి, సరఫరా ఉందో లేదో, ఎన్ని రోజులు పడుతుందో, రవాణా ఖర్చు ఎంతో చూపడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. క్రమం మార్చడమే అక్కడ కావలసింది.

ధర విషయమూ అంతే. మొదటి పేజీలో ఒక అంకె, చివరి పేజీలో మరో అంకె కనిపించడాన్ని చట్టం ఇప్పుడు తప్పుపడుతోంది. 2020 జులైలో వెలువడిన వినియోగదారుల పరిరక్షణ (ఈ–కామర్స్) నియమాల ప్రకారం రవాణా ఖర్చుతో సహా మొత్తం ధరను ఒకే అంకెగా, దాని విభజనతోపాటు చూపాలి. సమ్మతి గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉంచకూడదు. సంస్థ తానే ఆర్డరు రద్దు చేసినప్పుడు రుసుము భరించకపోతే, వినియోగదారు రద్దు చేసినప్పుడూ వసూలు చేయకూడదు. 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు ‘డార్క్ ప్యాటర్న్స్’, అంటే కొనుగోలుదారును తెలియకుండానే ఒక నిర్ణయం వైపు నెట్టే తెర అమరికలు, పదమూడింటిని గుర్తించి నిషేధించాయి. ధరను విడతలుగా బయటపెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, లేని తొందరను కల్పించడం వాటిలో కొన్ని. ఈ అమరికలు తమ వేదికలపై ఉన్నాయేమో మూడు నెలల్లో స్వయంగా తనిఖీ చేసుకోవాలని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2025 జూన్‌లో ఈ–కామర్స్ సంస్థలకు సూచించింది.

సగటు చెప్పని నిజం

వెబ్‌సైట్ వేగానికి గూగుల్ రూపొందించిన కొలమానాలను నేడు పరిశ్రమ విస్తృతంగా పాటిస్తోంది. పేజీలోని ప్రధానాంశం రెండున్నర సెకన్లలో కనిపించాలి. వేలితో తాకితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. అయితే ప్రతి 100 సందర్శనల్లో 75 ఈ హద్దులో ఉంటే చాలు, ఆ పేజీ ఉత్తీర్ణత పొందినట్లే. మిగిలిన పాతిక ఎవరివన్నది కొలమానం అడగదు. పాత ఫోను, బలహీనమైన సిగ్నల్, తరచూ తెగిపోయే లైను ఉన్నవారు సహజంగా ఆ పాతికలోనే ఎక్కువగా ఉంటారు. బరువైన చిత్రాలు, తనంతట తానే మొదలయ్యే వీడియోలు తగ్గించడం, సగం నింపిన దరఖాస్తు లైను తెగినా చెరిగిపోకుండా చూడడం వంటి మార్పులు వారికే ఎక్కువ మేలు చేస్తాయి.

చెల్లింపు మధ్యలో లైను తెగితే వినియోగదారును వేధించే ప్రశ్న ఒకటే: డబ్బు వెళ్లిందా, లేదా? ఖాతాలో సొమ్ము తగ్గినా వ్యాపారికి నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా సొమ్మును వెనక్కు జమచేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే నిర్దేశించింది. ఈ ఒక్క వాక్యాన్ని చెల్లింపు విఫలమైన పేజీలో రాసిపెడితే, కంగారుతో రెండోసారి డబ్బు కట్టేవారు తగ్గుతారు.

చదవగలిగే భాష, వినగలిగే పేజీ

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. కొన్ని వేదికల్లో వస్తువు పేరు వరకు తెలుగులో ఉండి, వాపసు షరతులు మాత్రం ఆంగ్లంలోనే మిగిలిపోతున్నాయి. నిజానికి తెలుగు ఎక్కువ అవసరమైనది షరతులకే. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాధనాలు పనిచేయాలంటే ప్రతి బటన్‌కూ, ప్రతి చిత్రానికీ పేరు రాసి ఉండాలి. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. కనుక ఈ సౌలభ్యాన్ని ఇక దయగా భావించడానికి వీలులేదు.

ఇదే పరీక్ష అమ్మకందారుగా మారే ద్వీపవాసికీ వర్తిస్తుంది. సిప్పీఘాట్ పరిసరాల్లో సుగంధ ద్రవ్యాలు పండించే రైతు లవంగాలను నేరుగా హైదరాబాద్ గృహిణికి అమ్మదలిస్తే అతనికి ఆడంబరమైన వెబ్‌సైట్ అక్కరలేదు. తూకం, పంట కాలం, మొత్తం ధర, చేరే రోజులు, ఫోను ఎత్తే మనిషి పేరు స్పష్టంగా ఉన్న ఒక్క పేజీ చాలు. ముఖం తెలియని అమ్మకందారుపై నమ్మకం కలిగించేవి ఈ వివరాలే.

అన్నీ సరిగా ఉన్నా వివాదాలు రావచ్చు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించే అధికారి పేరును ఈ–కామర్స్ సంస్థలు వెబ్‌సైట్‌లో ప్రకటించాలి. అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సంస్థ కార్యాలయం బెంగళూరులో ఉన్నా, సిప్పీఘాట్ వాసి అందుకోసం సముద్రం దాటనవసరం లేదు. ఈ దారులన్నీ వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో కాక, ఆర్డరు వివరాల పక్కనే కనిపించాలి. అది నేడు సంస్థలు అదనపు ఖర్చు లేకుండా చేయగలిగిన మొదటి సంస్కరణ.