కన్నులకు విందు, మనసునకు పస్తు

ఈ నెల మన ముచ్చట యొక యుద్ధచిత్రమును గూర్చినది. యుద్ధముతో మనకేమి పని యని పుట త్రిప్పివేయకుడు. యుద్ధరంగమున ప్రాణము విడుచువాడు ఏదో యొక యింటి బిడ్డ. ఆ సంగతిని చిత్రము మనకు జ్ఞాపకము చేయుచున్నదా, మరపించుచున్నదా యనునదే నేటి ప్రశ్న.

2019వ సంవత్సరమున ఆంగ్ల దర్శకుడు శామ్ మెండిస్ "1917" అను చిత్రమును దీసెను. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన తన తాతగారు చెప్పిన సంగతులే దీనికి ప్రేరణము. కథ పిడికెడు. 1917 ఏప్రిల్ 6వ తేదీన ఫ్రాన్సు దేశములో బ్లేకు, స్కోఫీల్డు అను నిరువురు బ్రిటిషు సైనికులు ఒక యుత్తరవును తీసికొని బయలుదేరుదురు. అది సకాలమున చేరనిచో, మరునాటి యుదయమున 1600 మంది శత్రువుల యుచ్చులో పడుదురు. వారిలో బ్లేకు అన్నయు నున్నాడు.

చిత్రమంతయు ఎచటను తెగక సాగిన యొకే దృశ్యమువలె దోచును. నిజమునకు అనేక దృశ్యములను, నేర్పరి రఫూ వేసిన చీరవలె, అతుకు కానరాకుండ కూర్చిరి. రాత్రివేళ మండుచున్న యూరిని, మొండిగోడలపై కదలాడు నీడలను ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్సు చూపిన తీరు మరపురానిది. 2020లో ఈ చిత్రమునకు మూడు ఆస్కరు బహుమానములు లభించెను. అవి ఛాయాగ్రహణమునకు, శబ్దమిశ్రణమునకు, దృశ్యమాయలకు వచ్చినవే గాని కథారచనకు గాని నటనకు గాని వచ్చినవి కావు.

ఇంతకును ఈ సైనికు లెవ్వరు? ఇంటికి పోవుట తనకు దుర్భరముగా నుండెడిదని స్కోఫీల్డు చెప్పబోవును. మాట సగములోనే యాగును, కెమెరా ముందునకు సాగును. అతనికి భార్యయు బిడ్డలును గలరని కడపటి క్షణమున ఛాయాపటములు చూచి మనము తెలిసికొందుము. లారీలో మన దేశపు సిక్కు సిపాయి యొకడు కానవచ్చి, తోడివారిని నవ్వించి మాయమగును. అతడు సముద్రము దాటి అచటి కేల వచ్చెనో యడుగువారు లేరు.

ఒక్కచోట మాత్రము కెమెరా నిలిచినది. శిథిలగృహమున దాగిన ఫ్రెంచి యువతి, ఎవరి బిడ్డయో తెలియని పసికందును సాకుచున్నది. స్కోఫీల్డు తన నీళ్లసీసాలో నింపుకొన్న పాలను ఆ శిశువునకై యిచ్చును. ప్రేలుళ్లన్నియు చేయలేని పనిని ఆ గుక్కెడు పాలు చేసినవి.

1930లో లూయీ మైల్‌స్టోన్ తీసిన "ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" చిత్రమునందును గొప్ప యుద్ధదృశ్యములు గలవు. కాని అందు పాల్ అను బాలుని బడిలో చూచితిమి. సెలవుపై వచ్చి, జబ్బుపడిన తల్లి చెంత కూర్చుండగా చూచితిమి. కావున అతడు మరణించినపుడు మన యింటివాడు పోయినట్లే యుండును.

"1917" చూడదగినదే. కాని బ్లేకు మరణమును తెలుపుచు అతని తల్లికి వ్రాయబోవు నుత్తరమును గూర్చి చిత్రము చెప్పునే గాని, దాని నందుకొను తల్లిని చూపదు. ఎదిగిన మీ బిడ్డలు ఇట్టి చిత్రమును చూచి వచ్చినపుడు, ఏ దృశ్యము బాగున్నదని యడుగకుడు. చనిపోయినవాని పేరేమి యని యడుగుడు.