పరీక్షలయ్యాక చూద్దామా?

బడికి సెలవులిచ్చిన మర్నాడు. పొద్దున్నే ఆరింటికి యూసుఫ్‌గూడలో ఒక అమ్మ పదేళ్ల కూతురి చేయి పట్టుకుని వేసవి శిబిరానికి బయల్దేరింది. పాప భుజాన కొత్త రాకెట్. రాత్రి దాన్ని పక్కలో పెట్టుకునే పడుకుంది.

"బ్యాడ్మింటన్ నేర్పిస్తారటగా సార్, మా అమ్మాయి పేరు రాసుకోండి."

"ఈ బ్యాచ్ నిండిపోయిందమ్మా. కాస్త ముందుగా రావాల్సింది."

"నిన్నటిదాకా పరీక్షలే కదా సార్!"

ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఉన్న కోర్టులు అవే. నేర్పే మాస్టారు ఒక్కరే. పాప ఏమీ అనలేదు. సగం తీసిన రాకెట్ కవరు జిప్పును మళ్లీ పైకి లాగేసింది.

ఇది ఫలానా ఇంటి కథ కాదు. ఏప్రిల్ చివర ఏ మైదానం గేటు దగ్గర నిలబడినా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. ఆ అమ్మ చేసిన తప్పు కూడా పెద్దదేం కాదు. మార్చిలో పాప అడిగినప్పుడు అన్ని ఇళ్లలో అనే మాటే ఆమే అంది. "ముందు పరీక్షలు కానీ, తర్వాత చూద్దాం."

తిరకాసంతా ఆ 'తర్వాత'లోనే ఉంది.

పరీక్షల మధ్యలోనే పేర్లు

తెలంగాణలో బడులు ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడి జూన్ 12 ప్రాంతంలో తెరుచుకోవడం కొన్నేళ్లుగా ఆనవాయితీ. నగరపాలక సంస్థ వేసవి క్రీడా శిబిరాలూ ఆ లెక్కనే నడుస్తాయి. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడకముందు, పాత నగరపాలక సంస్థ రోజుల నుంచీ హైదరాబాద్ పిల్లలకు ఇవి అలవాటే. ఉదాహరణకు 2023 సంగతి చూడండి. శిబిరాలు ఏప్రిల్ 25న మొదలై మే 31న ముగిశాయి. 44 రకాల ఆటలు నేర్పించారు. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు చేరొచ్చన్నారు.

తేదీలను జాగ్రత్తగా గమనిస్తే అసలు చిక్కు బోధపడుతుంది. సెలవులకూ శిబిరానికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు. 25న ఆట మొదలవ్వాలంటే పేర్ల నమోదు అంతకుముందే జరగాలి. అంతకుముందంటే సరిగ్గా వార్షిక పరీక్షల రోజులు. అంటే ఇంట్లో టీవీ కూడా కట్టేసి, "ఆటల ఊసెత్తావంటే చూడు" అని పిల్లల్ని బెదిరించే రోజుల్లోనే ఆటల కోసం దరఖాస్తు నింపాలన్నమాట. నూటికి తొంభై ఇళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో లెక్క కూడా ఉంది. ఏప్రిల్ 25 నుంచి మే 31 దాకా వేళ్ల మీద లెక్కిస్తే వచ్చేది 37 రోజులే. "అమ్మమ్మగారింటికి వెళ్లొచ్చి చేరదాం" అనుకుని వారం జాగు చేస్తే శిబిరంలో దాదాపు ఐదో వంతు కరిగిపోయినట్టే. రాకెట్ ఎలా పట్టుకోవాలో, కాలు ఎక్కడ వేయాలో చెప్పేది కూడా ఆ మొదటి వారంలోనే.

కోర్టులో నలుగురే

అన్ని ఆటలూ ఒకేలా నిండవు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. డబుల్స్ ఆడించినా ఒక్కో కోర్టులో నలుగురికే చోటు. నాలుగు కోర్టులున్న హాల్లో ఒకేసారి ఆడగలిగేది పదహారు మంది. వంతులవారీగా ఆడిస్తూ రెట్టింపు మందిని చేర్చుకున్నా ముప్పై రెండు దాటదు. అంతకంటే ఎక్కువైతే పిల్లలు ఆట నేర్చుకోవడం మాని, గోడకు ఆనుకుని ఎదురుచూడటం నేర్చుకుంటారు. ఈతకొలను సంగతి సరేసరి. నీళ్ల దగ్గర గుంపు పెరిగితే ప్రాణాలకే ముప్పు. కాబట్టి బ్యాచ్‌కు ఇంతమందే అని గీత గీయక తప్పదు. స్కేటింగ్, జిమ్నాస్టిక్స్‌దీ ఇదే వరస.

కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అలా కాదు. మైదానం, ఒక విజిల్, ఓపికున్న మాస్టారు ఉంటే మరో పదిమందికి చోటు దొరుకుతుంది. ఏది త్వరగా నిండుతుందో తెలిస్తే దేనికి తొందరపడాలో తెలిసినట్టే.

కృష్ణానగర్ గడియారం వేరు

యూసుఫ్‌గూడ పిల్లలకు ఒక విధంగా అదృష్టం ఉంది. కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియం ఇంటి పక్కనే. నాలుగడుగులు వేస్తే కృష్ణకాంత్ పార్కు. కానీ ఈ పక్కనే ఉన్న కృష్ణానగర్, ఇందిరానగర్‌లలో గడియారం వేరుగా తిరుగుతుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు, మేకప్, కాస్ట్యూమ్ సహాయకులు ఎక్కువగా ఉండే పేటలివి. షూటింగ్ ఉంటే తెల్లారకముందే వ్యాను ఎక్కాలి. ఎప్పుడు తిరిగొస్తారో వాళ్లకే తెలియదు. రేపు పని ఉందో లేదో ఇవాళ సాయంత్రం ఫోనొస్తే గానీ తేలదు. అలాంటి ఇంట్లో పది రోజుల తర్వాతి తేదీ ఎవరికి గుర్తుంటుంది?

నిజానికి ఈ శిబిరాల అవసరం ఎక్కువగా ఉన్నది ఆ పిల్లలకే. నగరపాలక సంస్థ శిబిరాల్లో నమోదు రుసుము పది రూపాయల నుంచి మొదలైంది. ప్రైవేటు అకాడమీలో నెలకు వేలల్లో కట్టాలి. స్థోమత ఉన్న ఇంటికి ఇక్కడ కాకపోతే అక్కడ దొరుకుతుంది. లేనివాళ్లకు ఇది తప్పితే మరో దారి లేదు, వీధి చివర ఆటో పక్కన ప్లాస్టిక్ బంతితో క్రికెట్టే.

'ముందొచ్చినవారికి ముందు' అనే పద్ధతి పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ముందు రావాలంటే ముందు తెలియాలి. తెలిసినా ఇంటర్నెట్‌లో దరఖాస్తు నింపడం రావాలి. ఆ పూట తీరిక ఉండాలి. ఈ మూడూ ఉన్నవాళ్లకే వరసలో మొదటి చోటు.

ఇది మన ఊరి తలనొప్పే కాదు. కెనడాలోని టొరంటోలో స్థిరపడిన తెలుగువాళ్లను అడిగి చూడండి. అక్కడి నగరపాలక సంస్థ ఈత తరగతులకు ఉదయం ఏడింటికి నమోదు మొదలవుతుంది. కావాల్సిన తరగతుల వివరాలు ముందే రాసిపెట్టుకుని కంప్యూటర్ ముందు కాచుకుంటారు. పేరున్న తరగతులు నిమిషాల్లోనే నిండిపోతాయి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు రుసుములో సాయం చేసే పథకం కూడా అక్కడ ఉంది. అయితే దానికీ ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. ఊరు మారినా సూత్రం మారలేదు.

అడిగిన ఆట దొరక్కపోతే

ఇంత చెప్పాక కూడా ఆలస్యం జరగొచ్చు. అప్పుడు పిల్లాణ్ని ఇంటికి లాక్కొచ్చేయడమేనా? ఈ ఊళ్లోనే జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకోవాలి.

చిన్నప్పుడు పుల్లెల గోపీచంద్‌కు క్రికెట్ అంటే మోజు. లాల్‌బహదూర్ స్టేడియానికి వెళ్తే క్రికెట్ శిబిరంలో చోటు దొరకలేదు. టెన్నిస్ కోర్టు దగ్గర ఆగి ఉన్న కార్లు చూసి, అది మనలాంటి వాళ్ల ఆట కాదనుకున్నారు. మిగిలింది బ్యాడ్మింటన్. ఆయనే పలుమార్లు నవ్వుతూ చెప్పిన సంగతి ఇది. ఆ కుర్రాడే 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే తర్వాత ఆ ఘనత సాధించిన రెండో భారతీయుడు ఆయనే.

సైనా నెహ్వాల్ కథా అక్కడే మొదలైంది. తండ్రి ఉద్యోగరీత్యా 1998లో ఆ కుటుంబం హర్యానా నుంచి హైదరాబాద్ వచ్చింది. లాల్‌బహదూర్ స్టేడియంలో పాప ఆట చూసిన కోచ్ నాని ప్రసాద్ వేసవి శిబిరంలో చేర్పించమన్నారు. తండ్రి రాజేంద్రనగర్ నుంచి తెల్లవారుజామునే స్కూటర్ మీద తీసుకొచ్చేవారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆమె కాంస్య పతకం అందుకుంది.

ప్రతి పిల్లా సైనా కావాలని కాదు. గోపీచంద్ ఇంట్లో వాళ్లు క్రికెట్ దొరకలేదని వెనుదిరగలేదు. పక్క కోర్టు దాకా నడిచారు. గుర్తుంచుకోవాల్సింది అదే.

వంటింటి క్యాలెండర్‌లో

చేయాల్సిన పని పెద్దదేం కాదు. వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్‌లో పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకుంటారు కదా. ఏప్రిల్ మొదటి ఆదివారం గడిలో 'శిబిరం పేర్లు' అని ఒక ముక్క రాసి ఉంచితే చాలు. పిల్లల ఫొటోలు, వయసు ధ్రువపత్రం ఒక కవర్లో పెట్టుకోవాలి. పాపను అడిగి ఒక్క ఆట కాదు, మూడు ఆటలు వరసగా రాసుకోవాలి. నగరపాలక సంస్థ, క్రీడా ప్రాధికార సంస్థ, పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్... వీటిలో దేని నమోదు దానిదే. ఒకచోట తలుపు మూసుకున్నా మరోచోట తెరిచి ఉండొచ్చు. పేరు నమోదైంది కదా అని మానేయకూడదు కూడా. వాడుకోని సీటు ఇంకో పిల్లాడికి దక్కాల్సింది.

మరొక్క మాట. సొంత పిల్లల దరఖాస్తు నింపే ఫోన్‌లోనే ఇంకో దరఖాస్తు నింపడానికి పట్టేది పది నిమిషాలు. ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకు, వాచ్‌మన్ కూతురు, కింది వాటాలో ఉండే లైట్‌మన్ పిల్లలు... వాళ్ల ఇళ్లకు ఈ కబురు చేరేది ఎక్కువగా నోటిమాటగానే. "అక్కా, మీ బాబు వయసెంత?" అని ఒక్కసారి అడిగితే వాడి వేసవి మారిపోతుంది.

అన్నట్టు, రాకెట్ జిప్పు వేసేసిన ఆ పాప ఏమైంది? గేటు దగ్గరి ఆయన వెనక్కి పిలిచాడు. "వాలీబాల్‌లో ఖాళీ ఉందమ్మా, చేరుస్తారా?" అమ్మ పాప వైపు చూసింది. పాప రాకెట్ తీసి అమ్మ చేతికిచ్చి మైదానంలోకి పరుగెత్తింది.

రాకెట్‌ను అమ్మ బీరువాలో భద్రంగా దాచింది. ఆ సాయంత్రమే కొత్త క్యాలెండర్ ఎప్పుడొస్తుందని పక్కింటి వదినను అడిగింది.