సరుకు పోయింది, సొమ్ము రాలేదు: ఎవరినడగాలి?

పొన్నూరు చుట్టుపక్కల సాంబ మసూరి ధాన్యం మిల్లాడించి, మాగాణి మినుములు గుళ్లు కొట్టించి ఫోను మీదే అమ్ముకునే రైతులు ఇప్పుడు అక్కడక్కడా కనబడుతున్నారు. కమీషను కొట్టు చుట్టూ తిరగడం కంటే ఇది నయమే. అయితే కొట్టు వ్యాపారి మన ఎరుకలో మనిషి, నలుగురిలో నిలదీయొచ్చు. దుగ్గిరాల యార్డులో ఈ-నామ్ మీద పసుపు అమ్మినా మధ్యలో మార్కెట్ కమిటీ ఉంటుంది. హైదరాబాదు ఫ్లాటులో కూర్చుని రెండు బస్తాలు పంపమన్న ఆసామీ ముఖమే మనకు తెలియదు. పేచీ వస్తే ఎవరినడగాలి?

ఎక్కువ తగాదాలు ఒక్క మాట దగ్గరే పుడుతున్నాయి. "నా ఖాతాలో డబ్బు కట్ అయిందండీ, మీకు పడలేదా?" అని స్క్రీన్‌షాట్ పంపుతారు. మొగమాటానికి పోయి బస్తా బండెక్కించొద్దు. స్క్రీన్‌షాట్ ఎవరైనా తయారు చేస్తారు, మెసేజీ కూడా అంతే. యూపీఐ చెల్లింపుకు 12 అంకెల నంబరు ఉంటుంది. అది అడిగి తీసుకుని, మీ బ్యాంకు స్టేట్‌మెంటులో ఉందో లేదో చూడండి. నిజంగానే అవతల తెగి ఇవతల పడకపోతే, 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన సొమ్ము మర్నాటికల్లా పంపినవారి ఖాతాకే తిరిగి వెళ్లాలి. దుకాణం క్యూఆర్ మీద కట్టింది అయితే అయిదు రోజుల గడువు. దాటితే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకే ఇచ్చుకోవాలి. కాబట్టి ఆగమని చెప్పడంలో తప్పేమీ లేదు. అన్నట్టు, డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టమన్నవాడు దొంగే.

ఇంకో చిక్కు ఇంతకంటే పెద్దది. కొన్నవాడు మోసపు సొమ్ముతో కడితే, ఆ సొమ్ము పోగొట్టుకున్నవారు 1930కి ఫోను చేస్తారు. పోలీసుల మాట మీద బ్యాంకు మన ఖాతాలో ఆ మొత్తాన్ని, ఒక్కోసారి ఖాతానే నిలిపేస్తుంది. ఎరువుల కొట్టుకు కట్టాల్సిన డబ్బు అందులోనే ఇరుక్కుంటుంది. బ్యాంకులో గొడవపడి లాభం లేదు. ఫిర్యాదు నంబరు, ఏ స్టేషనులో నమోదైందీ రాయించుకుని, బిల్లు, పార్సిల్ రసీదు, ఫోను సంభాషణ చూపి విడిపించమని అర్జీ పెట్టాలి. ఇవేవీ లేని రైతు ఏం చూపిస్తాడు? అందుకే ఒక్క బస్తా అమ్మినా చిత్తు బిల్లయినా రాయమంటున్నాను. తూకం ఫొటో తీసి ఉంచితే "నూకలొచ్చాయి, సగం డబ్బు వెనక్కివ్వు" అనేవారికీ సమాధానం అవుతుంది.

చట్టం మనవైపు లేకపోలేదు. అరువు ఒప్పుకోనప్పుడు, సొమ్ము అందేదాకా సరుకు తన దగ్గరే ఉంచుకునే హక్కు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టమే ఇచ్చింది. సరుకు ఇచ్చేశాక బాకీకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు. దావా దాకా పోలేని వారు తెనాలిలోనో బాపట్లలోనో న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే లోక్ అదాలత్‌కు పిలుస్తారు. ఫీజు లేదు, రాజీ కుదిరితే కోర్టు డిక్రీతో సమానం. కుదరాలంటే అవతలివాడూ రావాలి, అదే తిప్పలు. బ్యాంకు తప్పయితే ముందు బ్యాంకుకు రాసివ్వాలి. 30 రోజుల్లో పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోను చేస్తే వివరం చెబుతారు.

బియ్యం బాగాలేదని కొన్నవాడు వినియోగదారుల కమిషన్‌కెక్కొచ్చు. డబ్బు రాలేదని అమ్మిన రైతు అక్కడికి పోలేడు. రెండెకరాల రైతుకు ఇది న్యాయం కాదు. మధ్యలో నిలబడే మనిషి ఒకరు కావాలి. రైతు సేవా కేంద్రాల్లో విత్తనాల గురించీ తెగుళ్ల గురించీ చెబుతున్నారు సరే, ఈ అర్జీలు రాసిపెట్టే పని కూడా అక్కడే పెట్టాలి. మాగాణి మినుము చేతికొచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఈలోగానే మొదలుపెట్టమని మీ మండల వ్యవసాయాధికారిని అడగండి.