పే...ద్ద ప్రైమూ, మన బ్యాంకు తాళమూ

కొత్తగా పెద్ద ప్రైమ్ నంబరు దొరికిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఓ మాట వింటుంటాను: "ఇక ఆన్‌లైన్ బ్యాంకింగు ఇంకా భద్రం!" మామూలు జనం అంటే సరే. కోడు రాసి పొట్టపోసుకునే మనవాళ్ళే అంటుంటే ఒళ్ళు మండుతుంది.

2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ పట్టుకున్న సంఖ్యనే తీసుకోండి. 2 పవర్ 136279841 మైనస్ 1. మొత్తం 4,10,24,320 అంకెలు. బైనరీలో రాస్తే అన్నీ ఒకట్లే. ఈ జాతిని మెర్సెన్ ప్రైములంటారు. మనకి కొత్తేం కాదు. జావాలో ఇంట్ గరిష్ఠ విలువ 2147483647 కూడా ఆ జాతిదే, 2 పవర్ 31 మైనస్ 1. అది ప్రైమని 1772లోనే ఆయిలర్ తేల్చాడు.

రికార్డులు ఎక్కువగా ఈ జాతికే ఎందుకంటే, వీటికి సులువైన పరీక్షుంది. 4తో మొదలెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 31కి చేసి చూడండి: 4, 14, 8, 0. సున్నా వచ్చింది, ప్రైమే. లూకా-లెమర్ పరీక్ష ఇదే. ఇందులో బ్యాంకు ఎక్కడుందండీ?

బ్యాంకు తాళం కథ వేరు. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీకి సుమారు 308 అంకెల ప్రైములు రెండు చాలు. 308 అంటే తక్కువనుకోకండి. మా సోమశిల రిజర్వాయరు 78 టీఎంసీలతో నిండుగా ఉన్నప్పుడు, మిల్లీలీటరుకి ఇరవై చొప్పున చుక్కలన్నీ లెక్కపెట్టినా వచ్చేది 17 అంకెల సంఖ్యే! పైగా ఆ 308 అంకెల దగ్గర సుమారు 710 సంఖ్యలకొకటి ప్రైమే. మా ఉదయగిరి వైపు నీళ్ళకి కరువుండొచ్చు గానీ, ప్రైములకి కరువు లేదు.

కావాల్సింది సైజు కాదు, రహస్యం. లోకమంతా తెలిసిన ప్రైముతో తాళం వేయడమంటే ఊరందరికీ తాళంచెవి పంచిపెట్టడమే. 2012లో నదియా హెనింగర్ బృందం నెట్‌లోని ఆర్‌ఎస్‌ఏ కీలు పోగేసి గ.సా.భా. తీసింది. మనం స్కూల్లో చేసిన గ.సా.భా.నే! రెండు కీల్లో ఒకే ప్రైము ఉంటే రెండూ విడిపోతాయి. అలా 0.50 శాతం టీఎల్ఎస్ సర్వర్ల రహస్య కీలు బయటపడ్డాయి. ప్రైములు చిన్నవయ్యి కాదు. రౌటర్ల లాంటి పరికరాలు బూటవగానే, సరైన ర్యాండమ్‌నెస్ సమకూరకముందే కీలు తయారుచేసుకున్నాయి. ఆ కోడు రాసింది మనలాంటి ఇంజనీర్లే.

"అయితే ఈ వేటంతా దండగేనా?" అంటారేమో. కాదు. 2016లో ఇంటెల్ స్కైలేక్ చిప్పుల్లోని ఓ లోపం ఈ ప్రైముల వేట ప్రోగ్రాము నడుపుతుంటేనే బయటపడింది. ఎవరెస్టు ఎక్కినవాడిని మెచ్చుకున్నట్టు వీళ్ళనీ మెచ్చుకోండి. కానీ మీ ఇంటి తాళం వాళ్ళు చూసుకోరు. రేపు కోడ్ రివ్యూలో కీ తయారుచేసే చోట ర్యాండమ్ సీడు 12345 అని కనిపిస్తే, "టెస్టింగుకే కదా" అని వదిలెయ్యకండి. అడగండి.