పడవ ఎవరిది?

పండుగప్ప పేరులోనే పండుగ ఉంది. ఆ మాట పుట్టుకకు భాషావేత్తలు వేరే దారి చూపిస్తారేమో గానీ, సూర్యలంక ఒడ్డున ఆ చేప పడిన పడవ చుట్టూ మూగే జనాన్ని చూసినవారెవరూ ఆ పేరును శంకించరు. బెంగాలీలు భెట్కి అనీ, ఆస్ట్రేలియావారు బారాముండి అనీ, ఇంగ్లీషు పుస్తకాలు ఆసియా సీబాస్ అనీ పిలిచేది దీనినే.

ఉప్పునీటికీ మంచినీటికీ కూడా చుట్టమైన చేప ఇది. సముద్రపు నీటిలో గుడ్లు పెడుతుంది; పిల్లలు మడకాలువల్లోకి, డ్రైన్లు కడలిలో కలిసే మొగల్లోకి ఎదురెక్కి పెరుగుతాయి. మొదట మగచేపగా బతికి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారడం దీని మరో విచిత్రం. నిజాంపట్నం మడ అడవులూ, కృష్ణా డెల్టా పడమటి కొసన ఉన్న ఉప్పుటేర్లూ దీనికి పుట్టిల్లూ మెట్టినిల్లూ లాంటివి. ఇంతకూ నేను చెప్పదలచుకున్నదేమిటంటే, దీన్ని పట్టడానికి పెద్ద మరబోటు అక్కరలేదు. తీరం దగ్గర తిరిగే చిన్న పడవ చాలు. ఆ చిన్న పడవ గురించే ఈ నాలుగు మాటలూ.

టెక్సాస్‌లో స్థిరపడిన మా బాపట్ల మిత్రుడొకరు ఈమధ్య తన పడవ ఫొటోలు పంపారు. వారు పట్టే బాస్ వేరు, మన పండుగప్ప వేరు. అది మంచినీటి సరస్సుల చేప. దానికోసమే ప్రత్యేకమైన పడవ ఉండాలన్న ఆలోచన 1948 ప్రాంతంలో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ అనే ఆయనకు కలిగింది. ఆయన కట్టిన స్కీటర్ పడవే ఆ జాతికి మూలపురుషుడంటారు. ఇప్పుడా పడవల్లో చేపల జాడ చూపే తెర, చప్పుడు చేయని విద్యుత్ మోటారు, పట్టిన చేపను బతికించి ఉంచే నీళ్ళ తొట్టి అన్నీ ఉంటాయి. మా మిత్రుడి ప్రశ్న చిన్నదే: "రిటైరయ్యాక వచ్చేస్తాను. సూర్యలంకలో మనమూ ఒక పడవ కొందామా? ఎంతవుతుంది?"

నేను మత్స్యకారుణ్ణి కాను. ఆ ఒడ్డున పడవలవాళ్ళ మాటలు వింటూ పెరిగినవాణ్ణి మాత్రమే. ఆ వినికిడి మీద నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. ఎంతవుతుందన్నది ఆ తీరంలో రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, కొన్నాక ఆ పడవ ఎవరిదవుతుంది అన్నది.

* * *

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంకకు తెనాలి నుంచీ రేపల్లె నుంచీ ఆదివారాలు వచ్చేవారికి కనిపించేది మెత్తని ఇసుక తీరం. పడవవాడికి కనిపించేది రేవు లేని తీరం. నిజాంపట్నంలో హార్బరుంది, ఇక్కడ లేదు. పడవను మనుషులే ఇసుక మీదనుంచి నీళ్ళలోకి నెట్టాలి, విరుగుతున్న అలలను దాటించాలి, తిరిగివచ్చాక మళ్ళీ పైకి లాగాలి. కాబట్టి పడవలో ఎక్కించే ప్రతి కిలో బరువునూ ఎవరో ఒకరి భుజం మోయాలి.

పూర్వం ఈ పని తెప్పలు చేసేవి. దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప మునగదు. అల మీదపడితే నీళ్ళు సందుల్లోంచి జారిపోతాయి. దాని తెలివంతా అక్కడుంది. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేపట్టిన బంగాళాఖాత కార్యక్రమంలో ఇంజనీర్లు ఏళ్ళ తరబడి తలలు బద్దలుకొట్టుకున్నది కూడా ఇలాంటి తీరాల్లో అలలు దాటి ఒడ్డుకు దిగగల పడవ గురించే. తర్వాత ఫైబర్ వచ్చింది. ఇప్పుడు తీరమంతా ఫైబర్ తెప్పలే. పేరు పాతది, ఒళ్ళు కొత్తది. మంచి ఫైబర్ పడవలో అడుగు పలకల కింద నురుగు దిమ్మలు నింపి మూసేస్తారు. నీళ్ళు నిండినా పడవ తేలుతూ ఉండాలని. పాత తెప్పలోని తెలివిని ఆ దిమ్మల్లో దాచుకున్నారన్నమాట. చౌకగా వస్తుందని ఆ దిమ్మలు లేని పడవ కొనడమంటే ప్రాణానికి బేరమాడటమే.

పడవ అయింది. ఇక సామాను.

ఏనుగు కొన్నవాడు అంకుశం కొనలేడా అని సామెత. పడవ విషయంలో ఇది తలకిందులు. అంకుశాల మొత్తం ఏనుగును మించిపోతుంది. ఇంజను, ఇంధనం, వలలు, గాలపు తాళ్ళు, లంగరు, ఐసు పెట్టె, దీపం, జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, లైఫ్ జాకెట్లు, ఇంజనుకు విడి భాగాలు. ఇవన్నీ కొంటే తప్ప పడవ పడవ కాదు. అంతవరకూ అది ఇసుకలో బోర్లించిన ఒక ఫైబర్ తొట్టి.

ఈ సామానుకు డబ్బు ఎవరు పెడితే పడవ వారిది. కాగితం మీద ఎవరి పేరుంటేనేం?

* * *

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలి. చాలాచోట్ల అమలులో ఉన్న వాటాల పద్ధతి చూడండి. అమ్మిన చేపల డబ్బులోంచి ఇంధనం, ఐసు, తిండి ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని పంచుతారు. పడవకొక వాటా, ఇంజనుకొక వాటా, వలకొక వాటా, మనుషులకు తలా ఒక వాటా. మరి ఇంజను అప్పు మీద వచ్చిందనుకోండి, ఇంజను వాటా ఎటు పోతుంది? వల అప్పు మీద వస్తే వల వాటా? మిగిలేది ఒంటి కష్టానికి వచ్చే వాటా ఒక్కటే. అది కూలివాడికీ వస్తుంది. యజమాని అన్న బిరుదు మాత్రం ఉచితం.

అప్పు ఇచ్చేది సాధారణంగా చేపలు కొనే షావుకారే. చాలాసార్లు వడ్డీ మాటే ఎత్తడు. "చేప నాకే వేయి" అంటాడు, అంతే. ఆ రోజు ధర ఆయన నోట్లోంచి వచ్చినదే ధర. పండుగప్ప లాంటి విలువైన చేప పడిన రోజున ఆ వడ్డీ లేని అప్పు అసలు వడ్డీ ఎంతో తెలుస్తుంది. షావుకారును దుర్మార్గుడిగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. పెళ్ళికీ ఆసుపత్రికీ అర్ధరాత్రి తలుపు తెరిచేది ఆయనే, బ్యాంకు తెరవదు. అయితే తలుపు తెరిచినందుకు ఆయన తీసుకునే రుసుము, బేరమాడే హక్కు. ఆ హక్కు పోయాక పడవలో తనదంటూ మిగిలేదేముంది?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పడవ, వల కలిపి యూనిట్ ధర రూ. 5 లక్షలుగా లెక్కగట్టారు. అందులో రాయితీ సాధారణ వర్గాలకు 40 శాతం. షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం. 40 శాతమంటే 2 లక్షలు. మంచిదే. తక్కిన 3 లక్షలు? కాగితాల మీద దాన్ని లబ్ధిదారుని వాటా అంటారు. లబ్ధిదారుడి ఇంట్లో 3 లక్షలుంటే ఆయన లబ్ధిదారుడే అయ్యేవాడు కాదు కదా! ఆ వాటా తరచూ షావుకారు గల్లాపెట్టెలోంచే రావాలి. అప్పుడు రాయితీ కూడా తిరిగి తిరిగి షావుకారు సరఫరాలను చౌకచేసే సొమ్ముగా మారుతుంది. ఈ ముడిని ఎవరూ విప్పడం లేదన్నది నా ఫిర్యాదు.

* * *

అప్పుకు సెలవుల్లేవు. సముద్రానికి ఉన్నాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు, అవసరమైనదే. ఆ కాలానికి ఇచ్చే భృతిని 2019లో రూ. 10,000 చేశారు, 2025లో రూ. 20,000 చేశారు. ఇవి కాక తుపానులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది సరిగ్గా బాపట్ల దగ్గరే. సూర్యలంకకు మరో ప్రత్యేకత, అక్కడి వైమానికదళ స్థావరం. క్షిపణి ప్రయోగ విన్యాసాలు జరిగే రోజుల్లో ఆ సముద్రం పడవలకు మూతబడుతుంది. 2020 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆకాశ్ క్షిపణులను ప్రయోగించింది ఇక్కడినుంచే. దేశరక్షణ విషయంలో ఎవరికీ పేచీ లేదు. అయితే ఇన్ని రోజులు తీసేయగా మిగిలిన రోజుల వేటతోనే ఏడాది పొడుగునా అప్పు తీరాలన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

కాబట్టి సామాను కొనేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది అలంకారాల ముచ్చట కాదు, స్వాతంత్ర్యపు ముచ్చట. నా వరస ఇది.

మొదట ప్రాణం. మనిషికొక లైఫ్ జాకెట్, వైర్‌లెస్, దీపం, తీరరక్షక దళం వారి 1554 నంబరు పడవ గోడ మీద పెద్ద అక్షరాలతో. "ఈత వచ్చు కదా" అనే మాటకు సముద్రం దగ్గర విలువ లేదు.

రెండవది ఐసు పెట్టె. మందపాటి నురుగు గోడలున్న పెట్టె. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు ఉండాలన్నది పాత లెక్క. షావుకారు చేతిలో ఉన్న అసలు ఆయుధం అప్పుపత్రం కాదు, ఎండ. చేప మెత్తబడుతుంటే ఏ ధరకైనా అమ్మక తప్పదు. ఐసులో పండుకున్న పండుగప్ప బాపట్ల దాకా, తెనాలి దాకా ప్రయాణం చేయగలదు. దానితోపాటు బేరమూ ప్రయాణం చేస్తుంది. అమెరికా పడవలో చేపను బతికించే నీళ్ళతొట్టి విలాసం. 1972లో రే స్కాట్ పోటీల్లో పట్టిన చేపను తిరిగి వదిలేసే ఆచారం ప్రవేశపెట్టాక అది అక్కడ ధర్మం కూడా అయింది. మనకు ఐసు పెట్టె విలాసమూ కాదు, ధర్మమూ కాదు. అది గంట వ్యవధి. అమ్మనని చెప్పడానికి దొరికే గంట.

మూడవది గాలం. ఎరగా బతికిన రొయ్యనో చిన్న చేపనో గుచ్చి, పోటు తిరిగే వేళ మొగ దగ్గర వేచి ఉండే గాలం. వలతో పోలిస్తే దీని ఖర్చు తక్కువ, చిరుగులు కుట్టే పని లేదు, పట్టిన చేప గాయపడకుండా వస్తుంది. గాలంతో బుట్టలు నిండవు, నిజమే. విలువైన చేపకు బుట్టలు నిండనక్కరలేదు.

చివరన ఇంజను. అందరూ దీన్ని మొదట పెడతారు, అదే కష్టాలకు మొదలు. పెద్ద ఇంజను కొంటే దాని ఆకలి తీర్చడానికి దూరం పోవాలి. దూరం పోవడానికి ఇంకా ఇంధనం కావాలి. ఇంధనానికి మళ్ళీ అడ్వాన్సు కావాలి. దానికి తోడు ఒడ్డున నెట్టే భుజాలకు బరువు. చిన్న ఇంజను, వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడగడం, విడిగా ఒక ప్లగ్గూ ఫిల్టరూ దగ్గరుంచుకోవడం, ఇవి చాలు.

* * *

దీనికి నాకు ఎదురయ్యే సమాధానం తెలుసు. "దగ్గర చేపలెక్కడున్నాయండీ? దూరం పోకపోతే ఉత్త చేతులే." ఇది తీసిపారేయదగిన మాట కాదు. అయితే దగ్గర చేపలు తగ్గడానికి చిన్న పడవలు మాత్రమే కారణమా? 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీళ్ళు సంప్రదాయ పడవలవే. మరబోట్లు దాని బయటే వేటాడాలి. ఆ గీతను గట్టిగా కాపాడటం, మడ అడవులను కాపాడటం, వేలకు వేలు పోసి పెద్ద ఇంజను కొనడం కన్నా చౌక. పండుగప్ప పిల్ల పెరిగేది మడ వేళ్ళ మధ్యనే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపుదీ, 120 సెంటీమీటర్లు దాటినదీ తీసుకోకూడదు. పెద్దవన్నీ తల్లులని వారికి తెలుసు. అప్పులో ఉన్నవాడికి ఆ నీతి చెప్పే ముఖం నాకు లేదు. అప్పు లేనివాడితోనే ఆ మాట మొదలుపెట్టగలం. చేపల భవిష్యత్తు కూడా చివరికి పడవ ఎవరిదన్న ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది.

కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెట్టులో మత్స్యకారులకూ విస్తరించారు. అది నడుపుడు ఖర్చులకు. దానితోపాటు సామాను కొనడానికి వేరుగా, వేట లేని 61 రోజుల్లో వాయిదా అడగని అప్పు ఒకటి కావాలి. రాయితీ వరసలో ఇంజను కన్నా ముందు ఐసు పెట్టె రావాలి. ఒడ్డుకు నడక దూరంలో ఐసు దొరకాలి. ఇవేవీ పెద్ద కోరికలు కావు. ప్రారంభోత్సవాలకూ రిబ్బన్లకూ పనికిరాని చిన్న విషయాలు కావడమే వీటి దురదృష్టం.

2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవారు సముద్రం మీదుగా వచ్చిన తర్వాత పడవల రిజిస్ట్రేషను కట్టుదిట్టమైంది. ఇప్పుడు పడవకు నంబరుంది, మనిషికి కార్డుంది. ఏ పడవ ఎవరిదో ప్రభుత్వానికి తెలుసు. పడవ మీద ఉన్నవాడికి కూడా తెలియాలి. పట్టిన పండుగప్పను ఐసు మీద పెట్టి, "ఈ ధరకు ఇవ్వను" అని నెమ్మదిగా అనగలిగినవాడే నా దృష్టిలో పడవకు యజమాని. తక్కినవారందరూ ఎంత పెద్ద ఇంజను బిగించినా, ఇంకొకరి పడవ నడుపుతున్నవారే.